దూరంగా ఉన్నవాళ్లు

మా ఇంటికి పదిహేనేళ్లుగా చేపలు తెచ్చే ఆమెని ఇంటిల్లిపాదీ అప్ప అనే పిలుస్తాం. పూడిమడక నుంచి ఆటోలో బుట్టతో వచ్చి అచ్యుతాపురం జంక్షన్లో దిగుతుంది. డ్యూటీ బస్సులు వరసగా పోతుంటే వాటి పక్కనుంచి నడుచుకుంటూ మా వీధికి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. నేను కాలేజీలో జువాలజీ చెబుతానని ఆమెకి తెలుసు. ‘సేపల సదువు’ అంటుంది దాన్ని. ఆ చదువు మీద ఆమెకి పెద్ద గౌరవమేమీ లేదు. చేపపిల్లకి ఈత నేర్పినట్టు నువ్వు నాకు చేప గురించి చెప్పేదేముంది అన్నట్టు చూస్తుంది. అందుకే పోయిన ఏడాది ఒక పొద్దున్న గుమ్మంలో కూర్చుని పండుగప్ప కోస్తూ ఆమె ప్రశ్న అడిగితే నాకు ఆశ్చర్యమేసింది.

“బాబూ, నానొకటడుగుతాను, సెప్తావేటి? పెద్ద పండుగప్ప దేన్ని కోసినా కడుపులో గుడ్లే ఉంతాయి. సిన్నదాన్లో గుడ్లు ఎప్పుడూ సూళ్లేదు నాను. మరి పెద్ద మగసేపలన్నీ ఏటైపోతన్నాయి?”

ఇంత చక్కటి ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగలేదు. జవాబు కూడా చక్కగానే ఉంటుంది. మగచేపలు ఎక్కడికీ పోలేదు అప్పా, అవే ఆడవి అయ్యాయి అన్నాను. కత్తిపీట మీద చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది, వేళాకోళమేమోనని.

వేళాకోళం కాదు. పండుగప్పల్లో ఎక్కువ భాగం మొదట మగవిగానే ఈడుకొస్తాయి. మూడు నాలుగేళ్ల వయసులో మగచేపగా ఒకటి రెండు రుతువులు గడిపి, ఇంకా పెరిగి, ఆరేడేళ్లు వచ్చేసరికి అదే చేప ఆడదవుతుంది. వృషణం ఉన్నచోటే అండాశయం తయారవుతుంది. బొంత చేపల్లో ఇది తిరగబడి ఉంటుంది. అవి ముందు ఆడవి, తరవాత మగవి. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు బొంత చేపని తొట్లలో పెంచి గుడ్లు పెట్టించగలిగారంటే, ఈ మార్పుని అర్థం చేసుకోబట్టే.

ఆమెకి ఇంతవరకే చెప్పాను. అసలు వింత దీని వెనక ఉంది. మగగా ఉన్నప్పుడూ ఆడగా మారాకా ఆ చేప కణాల్లోని డీఎన్‌ఏ ఒకటే. ఒక్క అక్షరమూ మారదు. మనుషుల్లోలాగా దానికి ఆడ మగ క్రోమోజోములు వేరుగా లేవు. ఒకటే పుస్తకం. ముందు ఒక అధ్యాయం చదివి, తరవాత దాన్ని మూసి ఇంకో అధ్యాయం తెరిచినట్టు. డీఎమ్‌ఆర్‌టీ1 అనే జన్యువు పనిచేస్తుంటే వృషణం. మగ హార్మోనుని ఆడ హార్మోనుగా మార్చే ఆరోమటేజ్ అనే ఎంజైము జన్యువు తెరుచుకుంటే అండాశయం. మగ, ఆడ పండుగప్పల్లో ఈ రెండు జన్యువుల మీద ఉండే రసాయన గుర్తులు వేరువేరుగా ఉన్నాయని 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. చదవాల్సినచోట ఒక గుర్తు, చదవకూడనిచోట ఇంకో గుర్తు.

మరి ఏ అధ్యాయం తెరవాలో చెప్పేది ఎవరు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. అది జీవశాస్త్రం ప్రశ్నగానే ఉండిపోతే నేనిది రాసేవాణ్ణి కాదు.

జన్యువు అనగానే మనకి తలరాత గుర్తుకొస్తుంది. ‘వాడి జీన్స్‌లోనే ఉంది’ అని ఇప్పుడు అంటున్నది ఒకప్పుడు ‘వాడి నుదుట అలా రాసుంది’ అన్నదానికి కొత్త చొక్కా తొడగడమే. కానీ రాసి ఉండటం వేరు, చదవబడటం వేరు. మన కంటిలోని కణంలో కాలేయం జన్యువులన్నీ ఉన్నాయి. అక్కడ వాటిని ఎవరూ చదవరు, అంతే.

చదివించేవాటిలో ముఖ్యమైనవి ఎన్‌హాన్సర్లు. 1981లో జూరిచ్‌లో కొందరు శాస్త్రవేత్తలు కోతుల్లో ఉండే ఒక వైరస్ నుంచి చిన్న డీఎన్‌ఏ ముక్క తీసి, కుందేలు రక్తానికి సంబంధించిన ఒక జన్యువు ఉన్న డీఎన్‌ఏలో పెట్టారు. ఆ జన్యువు పని దాదాపు 200 రెట్లు పెరిగింది. ముక్కని జన్యువుకి ముందు పెట్టినా, వెనక పెట్టినా, తలకిందులుగా పెట్టినా, వేల అక్షరాల దూరంలో పెట్టినా పనిచేసింది. ఆ ముక్క స్వయంగా ఏమీ తయారుచేయదు. ప్రోటీనుకి సంబంధించిన సమాచారం ఒక్క మాట కూడా అందులో లేదు. దూరంగా ఉన్న ఇంకొకదాన్ని ‘నువ్వు మాట్లాడు’ అని మాత్రం అంటుంది. మన మొత్తం డీఎన్‌ఏలో ప్రోటీన్ల కోసం రాసినది రెండు శాతం కూడా ఉండదు. మిగతాదంతా పనికిరాని చెత్త అనుకున్న రోజులున్నాయి. ఆ ‘చెత్త’లోనే ఈ ఎన్‌హాన్సర్లు లక్షల్లో ఉన్నాయి.

అంత దూరం నుంచి ఎలా? పిల్లలకి చెప్పడానికి నేను పూడిమడక వలలే వాడతాను. ఇసకలో వల పరిచి ఆరబెట్టినప్పుడు ఈ చివరి ముడికీ ఆ చివరి ముడికీ మధ్య ఎన్నో బారల దూరం. అదే వలని పడవలో కుప్పగా వేస్తే ఆ రెండు ముడులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. మన ఒక్కో కణంలో సుమారు రెండు మీటర్ల డీఎన్‌ఏ కంటికి కనపడనంత చిన్న సంచిలో ముడుచుకుని ఉంటుంది. కొన్ని ప్రోటీన్లు వచ్చి ఎన్‌హాన్సర్ మీద కూర్చుంటాయి, పోగు వంగుతుంది, అది వెళ్లి జన్యువు మొదట్లో ఉన్న యంత్రాంగాన్ని తాకుతుంది. పరిచి కొలిస్తే దూరం, మడిచి చూస్తే పక్కనే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

మన తూర్పు తీరం ఉప్పుటేరుల్లో వేలెడు పొడవు కూడా ఉండని ఒక చేప తిరుగుతుంటుంది. చిన్నప్పుడు ఇలాంటి చిన్న చేపలన్నిటినీ కలిపి పరిగెలనేవాళ్లం. శాస్త్రవేత్తలు దీన్ని ఒరైజియాస్ డాన్‌సీనా అంటారు. జపాను వాళ్లు ప్రయోగశాలల్లో ప్రాణంగా చూసుకునే మెడాకా చేపకి దగ్గర చుట్టం. మెడాకాలో మగతనాన్ని నిర్ణయించే జన్యువేదో 2002లో తెలిసింది. చుట్టమే కదా, మన ఉప్పుటేటి చేపలోనూ అదే ఉంటుందనుకుంటాం. లేదు. 2014లో జపాను శాస్త్రవేత్తలు వెతికితే దొరికింది ఇంకొకటి. ఈ చేపల్లో ఆడవాటికీ మగవాటికీ సాక్స్3 అనే జన్యువు ఉంది. మగ చేప వై క్రోమోజోము మీద, ఆ జన్యువుకి కాస్త అవతల, దాన్ని పెంచే ఒక డీఎన్‌ఏ ముక్క ఉంది. ఒక ఎన్‌హాన్సర్. బీజకోశం తయారయ్యే వేళకి అది సాక్స్3ని లేపుతుంది, సాక్స్3 ఇంకో జన్యువుని లేపుతుంది, ఆ కోశం వృషణమవుతుంది. ఒక జాతిలో సగం చేపలు మగవి కావడానికి మూలం, స్వయంగా ఏమీ తయారుచేయని ఆ ముక్క.

2018లో ఎలుకల మీద చేసిన పని ఇంకా నిలదీసినట్టు ఉంటుంది. మగ పిండంలో వృషణం ఏర్పడాలంటే సాక్స్9 అనే జన్యువు గట్టిగా పనిచేయాలి. దానికి 5 లక్షల 65 వేల అక్షరాల అవతల 557 అక్షరాల ముక్క ఒకటుంది. ఎన్‌హాన్సర్ 13 అని పేరు పెట్టారు. సాక్స్9ని తాకకుండా, వై క్రోమోజోముని తాకకుండా, ఆ ముక్కని మాత్రం కత్తిరించారు. క్రోమోజోముల లెక్క ప్రకారం మగవి కావలసిన ఎలుకలు అండాశయాలతో ఆడవిగా పుట్టాయి.

ఇక్కడి నుంచి నా సొంత సంగతి.

అప్పకి ఒక్కడే కొడుకు. ఇంటర్‌లో నా దగ్గరే చదివాడు. తెలివైనవాడు, నెమ్మదస్థుడు. డిగ్రీ కెమిస్ట్రీతో పాసయ్యాక ఏడాదిపాటు ఖాళీగా ఉంటే, ఒకరోజు అప్ప బుట్ట దించి “బాబూ, ఆడికి సముద్రం వొద్దు. ఏదైనా కంపెనీలో సెప్పు” అంది. నాకు తెలిసినవాళ్లు ఉన్నారు, ఫోన్ చేశాను. సెజ్‌లో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. పేరు అనవసరం. వాడి పని ఈటీపీలో, అంటే వాడేసిన నీళ్లని శుద్ధి చేసేచోట. పగలో రాత్రో షిఫ్టు, గంట గంటకీ రీడింగులు చూసి పుస్తకంలో వెయ్యడం.

ఆ సెజ్‌తో నా సంబంధం ఆ ఫోన్‌తో మొదలు కాలేదు. మా నాన్న జీడిమామిడి తోట అందులోనే పోయింది. వచ్చిన డబ్బులోంచే నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివాను. చేపల అండాశయాల మీద ప్రాజెక్టు రిపోర్టు రాశాను. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న మా ఊళ్లో ఎవరిని కదిపినా ఇలాంటి కథే చెప్తారు. తోటలు పోయాయి, అద్దె గదులు వచ్చాయి, వేలమంది ఆడపిల్లలకి బట్టల కంపెనీల్లో నెల జీతాలు వచ్చాయి. 2024 ఆగస్టు 21న సెజ్‌లో ఒక మందుల కంపెనీలో జరిగిన పేలుడులో 17 మంది పోయారు. ఆ రోజు అప్ప కొడుకు పనిచేసేది వేరే చోట అని తెలిసేదాకా ఆమె మా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మంచీ చెడూ ఒకే పోగులో ముడుచుకుని ఉన్నాయి. విడదీసి చూపించమంటే నా వల్ల కాదు.

ఆ తరవాత కొన్ని నెలలకి ఒక రాత్రి పదకొండు దాటాక అబ్బాయి ఫోన్ చేశాడు. షిఫ్టులోనే ఉన్నాడు. “సార్, సీఓడీ రీడింగు ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ చూపిస్తోంది. పైవాళ్లు మీటరు తేడాగా ఉంది, నిన్నటి అంకె వేసెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?”

నిద్రమత్తులో ఉన్నానని చెప్పుకోవచ్చు. కానీ నేను మెలకువగానే ఉన్నాను. నేనన్నది ఇది: “చూడు నాన్నా, మీ అమ్మ గురించి ఆలోచించు. నువ్వు వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు. నువ్వొక్కడివి మానేస్తే ఏం మారుతుంది?”

“సరే సార్” అని పెట్టేశాడు.

ఈ వ్యాసం ఆ ఆఖరి వాక్యం గురించి. నువ్వొక్కడివి మానేస్తే ఏం మారుతుంది? మనందరం ఎప్పుడో ఒకప్పుడు అన్నదే, అనిపించుకున్నదే. ఇందులో మూడు సాకులున్నాయి. నేను దూరంగా ఉన్నాను అన్నది ఒకటి. నేను చేసేది చాలా చిన్నది అన్నది రెండోది. నేను లేకపోయినా జరిగేది జరుగుతుంది అన్నది మూడోది.

దూరం సంగతి ముందు. ఆ రాత్రి ఆ అంకెకీ నాకూ మధ్య ఎంత దూరం? ఇంట్లో మంచం మీద ఉన్నాను, కంపెనీ గేటు ఎప్పుడూ దాటలేదు. కానీ వలని మడిచి చూడండి. నా ఫోన్ మాట వాడికి ఉద్యోగమిచ్చింది, నా ఫోన్ మాటే వాడి చేతిలో పెన్నుని ఆ అంకె దగ్గరికి తోసింది. నేను ఏమీ తయారుచేయలేదు, ఒక చుక్క నీరు వదల్లేదు. ‘నువ్వు చెయ్యి’ అని ఇంకొకరితో అన్నాను. మన రోజువారీ మాటల్లో చేసినవాడికి ఒక పేరుంది. దూరం నుంచి చేయించినవాడికి, చేయనిచ్చినవాడికి సరైన పేరు లేదు. సలహాదారు అంటాం, పెద్దమనిషి అంటాం.

చిన్నతనం సంగతి. ఎంత చిన్నదైతే లెక్కలోకి రాదు? కెనడాలో పరిశోధనల కోసమే కేటాయించిన సరస్సులున్నాయి. వాటిలో ఒకదాంట్లో 2001 నుంచి 2003 దాకా మూడేళ్లు, గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ని కలిపారు. లీటరు నీటిలో 5, 6 నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో వందకోట్ల వంతు. ఆ సరస్సులో మగచేపల ఒంట్లో, ఆడచేపలు గుడ్డులోని సొన కోసం తయారుచేసుకునే ప్రోటీను ఊరడం మొదలైంది. వృషణాల ఎదుగుదల దెబ్బతింది, కొన్నిటిలో గుడ్డు కణాలు కనిపించాయి. మిన్నో అనే చిన్న చేప ఆ సరస్సులోంచి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఇది జరిగేది ఎన్‌హాన్సర్ ద్వారానే. సొన ప్రోటీను జన్యువు మగచేపలోనూ ఉంటుంది, నిద్రలో. దాని దగ్గర పదిహేను అక్షరాలకి మించని ఒక చిన్న మాట ఉంటుంది. ఈస్ట్రోజెన్‌ని పట్టుకున్న గ్రాహకం వచ్చి ఆ మాట మీద కూర్చుంటే జన్యువు లేస్తుంది. ఆ హార్మోను చేప ఒంట్లో పుట్టిందా, ఎక్కడో ఎవరో మింగిన మాత్రలోంచి వచ్చిందా అని ఆ పదిహేను అక్షరాలు అడగవు. అడిగే శక్తి వాటికి లేదు.

ఒక జాగ్రత్త. కెనడా సరస్సు లెక్క తెచ్చి మా సముద్రానికి అంటించడం తప్పు. సరస్సు చిన్నది, సముద్రం పెద్దది. అక్కడ కలిపింది ఒక హార్మోను, ఇక్కడి కంపెనీలు చేసేవి రకరకాల మందులు. నేను చెప్పేది అంతకన్నా తక్కువ విషయం. ‘చాలా చిన్నది’ అన్న ఒక్క కారణంతో దేన్నీ కొట్టిపారేయలేం, అంతే. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో, సుమారు 90 మందుల తయారీ యూనిట్ల నీటిని శుద్ధి చేసే ప్లాంటు బయటకి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. నేను జ్వరానికి వేసుకునే మాత్ర అది. ఆ నీటికి ఈ చివర్లో నేనూ ఉన్నానన్నమాట, రోగిగా.

మూడోది అన్నిటికన్నా గట్టి సాకు. నేను లేకపోయినా జరుగుతుంది. దీన్ని గట్టిది అనడానికి కారణం, చాలాసార్లు ఇది నిజం. జీవశాస్త్రం కూడా దీన్నే చెబుతుంది. ఒక జన్యువుకి ఒకే ఎన్‌హాన్సర్ ఉండాలని లేదు. అయిదో పదో ఉండొచ్చు. వాటిలో ఒకదాన్ని కత్తిరిస్తే చాలాసార్లు ఏమీ కాదు, పక్కది ఆ పని చేసేస్తుంది. నీడలా వెనక ఉంటాయని వాటికి నీడ ఎన్‌హాన్సర్లని పేరు కూడా పెట్టారు. అంటే ప్రకృతిలోనే ‘నువ్వొక్కడివి మానేస్తే ఏం మారుతుంది’ అన్నది ఉంది.

కానీ ఎన్‌హాన్సర్ 13ని తలుచుకోండి. సాక్స్9 చుట్టూ ఎన్‌హాన్సర్లు చాలానే ఉన్నాయి. ఒకటి తీసేస్తే మిగతావి కాపాడతాయనే అనుకోవాలి. ఆ ఒక్కటి తీసేస్తే మాత్రం కాపాడలేదు. కత్తిరించి చూసేదాకా ఆ ముక్క మీద ‘నేను ముఖ్యమైనదాన్ని’ అని రాసిలేదు. చూడటానికి పక్కవాటిలాగే ఉంది.

మన పరిస్థితీ ఇదే అనిపిస్తుంది నాకు. ఒక పనిని మనం ఒప్పుకునేటప్పుడో ఒప్పుకోనప్పుడో, మనం నీడ ముక్కమా, పదమూడో ముక్కమా అన్నది లోపలి నుంచి తెలియదు. తెలియనప్పుడు ‘నేను నీడనే’ అని అనుకోవడం వినయం కాదు, సౌకర్యం. ఇంకో సంగతి కూడా ఉంది. అందరూ తాము నీడలమే అనుకుంటే, అడ్డంగా నిలబడేది ఒక్కటీ మిగలదు.

ఇక్కడ నన్ను నేను ఆపుకుని ప్రశ్నించుకోవాలి. ప్రకృతిలో ఇలా ఉంది కాబట్టి మనిషి ఇలా ఉండాలి అనడం పాత పొరపాటు. ఉన్నదాన్నుంచి ఉండాల్సినదానికి గెంతకూడదని హ్యూమ్ 18వ శతాబ్దంలోనే హెచ్చరించాడు. చేపల్లోంచి నీతి తీస్తే ఏ నీతైనా తీయొచ్చు. పెద్ద చేప చిన్న చేపని తింటుందని చెప్పి రాజ్యాలు నడిపినవాళ్లున్నారు. కాబట్టి ఎన్‌హాన్సర్ నాకు ఏ ఆజ్ఞా ఇవ్వడం లేదు. అది చేసేదల్లా నా సాకుల్లోంచి ఒక్కొక్క అబద్ధాన్ని తీసేయడం. దూరమైతే సంబంధం ఉండదన్నాను, ఉంటుందని చూపించింది. చిన్నదైతే ఫలితం ఉండదన్నాను, ఉండొచ్చని చూపించింది. నేనొకణ్ణి లెక్క కాదన్నాను, ఆ సంగతి ముందే చెప్పలేవంది. మిగిలినది నేనే తేల్చుకోవాలి. ఎన్‌హాన్సర్‌కీ నాకూ ఉన్న తేడా అక్కడే. దాని మీద ఏది వచ్చి కూర్చుంటే దానికి లొంగుతుంది. నేను ‘ఎక్కడి నుంచి వచ్చావు’ అని అడగగలను. అడగగలిగీ అడగకపోవడమే ఆ రాత్రి నేను చేసింది.

ఇదంతా బీజకణాల విషయంలో ఇంకా బరువుగా తోస్తుంది. శరీర కణాలు చేపతో పోతాయి, బీజకణాలు తరవాతి తరంలోకి దాటతాయి. ఈ తేడాని 1892లో వైస్మన్ గట్టిగా చెప్పాడు. మెడాకా చేపల్లో బీజకణానికి ‘నువ్వు గుడ్డువి, వీర్యకణానివి కాదు’ అని చెప్పే ఫాక్స్ఎల్3 అనే జన్యువుని 2015లో కనుక్కున్నారు. దాన్ని తీసేస్తే ఆడచేప అండాశయంలోనే వీర్యకణాలు తయారయ్యాయి, వాటితో పిల్లలు కూడా పుట్టాయి. చైనాలో నాలుక చేపల మీద చేసిన పనిలో, వేడినీళ్ల వల్ల ఆడవి కావలసినవి మగవిగా మారితే, ఆ రసాయన గుర్తులు వాటి పిల్లలకీ దాటాయి. పిల్లలు మామూలు నీళ్లలో పెరిగినా వాటిలోనూ ఆడవి కావలసినవి మగవయ్యాయి. అంటే ఇవాళ నీళ్లలో జరిగినది రేపు పుట్టబోయేదాని మీద పడుతుంది. తప్పు చేసినవాణ్ణి, చేయించినవాణ్ణి, మౌనంగా ఉన్నవాణ్ణి అడగడానికి అది అప్పటికింకా పుట్టి ఉండదు.

అప్ప ఆ పొద్దున్న నా పాఠమంతా విని పండుగప్ప ముక్కలు కడుగుతూ ఒక మాట అంది. “అయితే బాబూ, సిన్నప్పుడే పట్టేస్తే అది ఆడది అవడవే ఉండదు. పెద్దయ్యాక పట్టేస్తే గుడ్లెట్టేది ఉండదు. మొగలో వలేసి పిల్లల్నీ, సముద్రంలో వలేసి తల్లుల్నీ మనవే పట్టేత్తన్నాం. మళ్లీ సేపల్లేవని మనవే ఏడుత్తన్నాం.” కంపెనీల మాట ఎత్తకుండా, ముందు తన వలని తాను లెక్కలోకి తీసుకుంది. నేను పుస్తకాలు తిరగేసి వచ్చినచోటికి ఆమె రెండు వాక్యాల్లో వచ్చింది.

ఆ రోజే అబ్బాయికి ఫోన్ చేశాను. ఆ రాత్రి మాటలకి అప్పటికి రెండు నెలలు. వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు ఈలోపు, నేనూ పలకరించలేదు. జంక్షన్లో టీకొట్టు దగ్గర కలిశాం. నాన్నా, ఆ రోజు నీకు నేను తప్పు చెప్పాను అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను గానీ గొంతు పెగల్లేదు.

వాడు కాసేపు టీ గ్లాసు తిప్పుతూ ఉండిపోయాడు. “సార్, మీకు ఫోన్ చేసేముందే అంకె వేసేశాను. ఉన్నదే వేశాను. మిమ్మల్ని అడుగుదామనుకున్నది వెయ్యాలా వద్దా అని కాదు. వేసేశాను, రేపు పని పోతే అమ్మకి ఎలా చెప్పాలి అని. మీరలా అనేసరికి ఇంక అడగలేకపోయాను.”

ఆ నెలాఖరుకి వాణ్ణి ఈటీపీ నుంచి ప్యాకింగ్‌లోకి మార్చారు. తరవాత కాంట్రాక్టు పొడిగించలేదు. ఇప్పుడు వాడి చోట ఇంకో అబ్బాయి రీడింగులు వేస్తున్నాడు. నీడ ముక్కల సిద్ధాంతం గెలిచినట్టే కనిపిస్తుంది. వాడు ఒక్కడు వేసిన ఒక్క అంకె వల్ల సముద్రంలో ఏమీ మారలేదని ఎవరైనా అంటే కాదని రుజువు చూపించలేను. కానీ కెనడా సరస్సు సంగతిలో నేను చెప్పని భాగం ఒకటుంది. హార్మోను కలపడం ఆపేశాక కొన్నేళ్లకి మిన్నోలు మళ్లీ వచ్చాయి. పూర్తిగా పోయిందనుకున్నది కోలుకుంది. ఎవరో ఉన్న అంకెని ఉన్నట్టు పుస్తకంలో రాయబట్టే ఆ సంగతి తెలిసింది. లేకపోతే పోయిందనీ, తిరిగొచ్చిందనీ ఎవరికీ తెలియదు.

అబ్బాయి ఇప్పుడు విశాఖలో ఒక నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాడు. జీతం తక్కువ. ఈసారి ఫోన్ నేను చేయలేదు, వాడే వెతుక్కున్నాడు. అప్పకి అసలు సంగతి ఇంకా తెలియదు. కంపెనీలో పని ఎందుకు పోయిందని నన్నే అడుగుతుంది. నేను పెట్టించిన ఉద్యోగం కాబట్టి నాకు తెలిసుంటుందని ఆమె నమ్మకం. చెప్పాలంటే వాడు చేసిన మంచితో పాటు నేనన్న మాట కూడా చెప్పాలి.

రేపు ఆదివారం. చేపలు తెస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి చెబుదామనుకుంటున్నాను.